పూసల తీగ ముడతలు పడుతోంది: నీళ్లు ఎక్కువయ్యా, తక్కువయ్యా?

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరమిది. పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాం.

ఆరు నెలల కిందట ఆమె చెల్లెలు ఉద్యోగం బదిలీ అయి వెళ్తూ, నాలుగేళ్లుగా పెంచుకున్న స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్ తీగను (ఆకులే గుండ్రటి పూసల్లా ఉంటాయి దీనికి) అక్కకి అప్పగించింది. "దీనికేం చెయ్యక్కర్లేదక్కా, దాని మానాన అది బతుకుతుంది" అంది. అప్పుడు కుండీ నిండా ఆకుపచ్చ పూసలు, రెండడుగుల దాకా కిందికి జారిన పాయలు. హాల్లో కిటికీ పక్క మూలన, సీలింగు కొక్కేనికి వేలాడదీశారు. మూడు నెలలు ఇబ్బంది లేదు. ఆ తర్వాత కుండీ నడిమధ్య బోసిపోయింది. పూసలు ముడతలు పడ్డాయి. చెల్లెలికి ఫోన్ చేస్తే "ముడతలంటే దాహం, నీళ్లు పెంచు" అంది. భర్త "ఎండ చాలడం లేదు" అని బాల్కనీలో పెట్టారు. రెండు రోజుల మిట్టమధ్యాహ్నపు ఎండకి కొన్ని పూసలు గోధుమరంగుకి మాడాయి, కుండీ మళ్లీ హాల్లోకి వచ్చింది. రిటైరైన మావయ్యగారు ఇంట్లో మొక్కలన్నిటికీ రోజూ పొద్దున్నే చిన్న గ్లాసుతో నీళ్లు పోస్తారు, దీనికీ పోస్తారు. చెల్లెలి మాట విన్నాక ఆమె కూడా సాయంత్రాలు ఇంకాస్త పోయడం మొదలుపెట్టింది. ఇప్పుడు పాయలు పట్టుకుంటే మొదలంటా ఊడి చేతికొస్తున్నాయి. రెండేళ్ల బాబు కింద రాలిన పూస ఒకటి నోట్లో పెట్టుకుని నమిలి ఉమ్మేశాడు. రెండు నెలల్లో చెల్లెలు వస్తోంది. "ఎవరూ చూడక్కర్లేదన్న మొక్కనే నేను బతికించుకోలేకపోయాను. దీన్ని కాపాడొచ్చా? నీళ్లు పొయ్యొద్దని మావయ్యగారికి ఎలా చెప్పను? బాబు ఉన్న ఇంట్లో అసలు ఇది ఉండొచ్చా?" అని అడుగుతోంది.

ముందు మీ బాబు సంగతి. మీరు ఉత్తరం చివర్లో రాశారు గానీ ముందుగా తేలాల్సింది అదే. ఈ తీగ పూసల్లోనూ కాడ తెంపితే వచ్చే రసంలోనూ ఒంటికి పడని పదార్థాలుంటాయి. మింగితే వాంతులు, విరేచనాలు కావచ్చు. రసం తగిలితే కొందరికి చర్మం మీద దురద, దద్దురు వస్తాయి. పిల్లులకీ కుక్కలకీ కూడా ఇది మంచిది కాదు. మీవాడు ఉమ్మేశాడు, ఆ తర్వాత ఏ తేడా కనబడలేదు అన్నారు కాబట్టి అప్పటికి గండం గడిచినట్టే. ఇక ముందు ఎప్పుడైనా మింగాడన్న అనుమానం వస్తే నోరు శుభ్రం చేసి, వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా వెంటనే డాక్టరుతో మాట్లాడండి. మొక్క పేరు అడిగితే క్యూరియో రౌలియానస్ అని చెప్పండి. పాత పేరు సెనేసియో రౌలియానస్, చాలాచోట్ల ఇప్పటికీ అదే రాస్తారు. విషం మాట అటుంచితే, బఠాణీ గింజంత గుండ్రటి పూస రెండేళ్ల పిల్లాడి గొంతుకి అడ్డం పడే వస్తువు కూడా. రాలిన పూసలు నేల మీద ఉండకూడదు. ఇప్పుడు మీ తీగ రోజూ పూసలు రాలుస్తున్న స్థితిలో ఉంది కాబట్టి, ఈ మాట చదవగానే కుండీని పిల్లాడు రాని గదిలోకి మార్చి తర్వాత మిగతాది చదవండి.

ఇప్పుడు తీగ దగ్గరికి వద్దాం. మీ చెల్లెలు ఒక రకంగా, మీవారు ఇంకో రకంగా చెప్పారు, రెండింటిలోనూ కొంత నిజం ఉంది. మీ తికమకంతా అక్కడే. ముడతలు దాహానికి గుర్తు అన్న మీ చెల్లెలి మాట నిజమే. పూస లోపల నీళ్లు తగ్గినప్పుడే ముడత పడుతుంది. అయితే పూసకి నీళ్లు అందకపోవడానికి రెండు కారణాలుండొచ్చు: మట్టిలో నీళ్లు లేకపోవడం, లేదా మట్టి నిండా నీళ్లున్నా తాగడానికి వేళ్లు లేకపోవడం. మీ ఇంట్లో జరిగింది రెండోది. వేళ్లకి నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలిని నీళ్లు బయటికి నెట్టేసి రోజుల తరబడి అక్కడే నిలిస్తే వేళ్లు ఊపిరాడక చస్తాయి. చచ్చిన వేళ్లని మట్టిలోని బూజు తెగుళ్లు కుళ్లబెడతాయి. వేళ్లు పోయాక పైనున్న పూసలు ఎండుతాయి. చూసినవాళ్లు దాహం అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. ఈ తీగ విషయంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే పొరపాటు ఇదే, ఎంతో శ్రద్ధగా చూసుకునే వాళ్ల ఇళ్లలోనే ఇది ఎక్కువ.

తేడా ఎలా తెలుస్తుందంటే, కుండీని చేత్తో ఎత్తి చూడండి. ముడతలు పడ్డ పూసలు, ఎత్తితే తేలిగ్గా ఉన్న కుండీ, గట్టిగా పచ్చగా ఉన్న కాడలు: ఇది నిజమైన దాహం, ఒక్కసారి బాగా తడిపితే రెండు మూడు రోజుల్లో పూసలు మళ్లీ నిండుగా ఉబ్బుతాయి. ముడతలు పడ్డ పూసలు, బరువైన కుండీ, మట్టిని తాకే చోట గోధుమరంగులో సన్నబడ్డ కాడ, పట్టుకుంటే జారి వచ్చే పాయ: ఇది కుళ్లు. పూసలు కొన్ని గాజులా పారదర్శకంగా, మెత్తగా, నొక్కితే పగిలేట్టు ఉంటే కూడా నీళ్లు ఎక్కువైనట్టే. మీరు రాసిన లక్షణాలన్నీ రెండో వైపే ఉన్నాయి.

"రోజూ కొంచెమే పోస్తున్నారు, గ్లాసు చిన్నదే" అని రాశారు. లెక్క వేద్దాం. గ్లాసు 60 మిల్లీలీటర్లు అనుకుంటే వారానికి 420. మీరు చెప్పిన 12 సెంటీమీటర్ల కుండీలో పట్టే మట్టి లీటరు ఉంటే గొప్ప. అంటే మట్టి ఎంత ఉందో ఇంచుమించు అందులో సగమంత నీళ్లు వారం వారం దాని మీద పడుతున్నాయి, మీరు సాయంత్రం పోసేవి కాకుండా. వెలుగు తక్కువున్న మూలలో ఈ తీగ తాగేది అందులో చాలా చిన్న భాగం. పైగా రోజూ కొంచెం కొంచెం పోస్తే మట్టి పైపొర ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఈ తీగ వేళ్లు లోతుకి పోవు, పైనున్న నాలుగైదు సెంటీమీటర్లలోనే అల్లుకుంటాయి. సరిగ్గా అవి ఉన్న పొరే ఆరడం లేదు. దానికి తోడు తెల్లటి పింగాణీ కుండీలో ఇంకో ప్లాస్టిక్ కుండీ దింపి ఉందని రాశారు. ఆ పింగాణీ కుండీకి అడుగున చిల్లు లేకపోతే లోపలి కుండీని పైకి తీసి చూడండి, అడుగున నిలిచిన నీళ్లు కనబడతాయి. ఆ నీళ్లలో ప్లాస్టిక్ కుండీ అడుగు నానుతూనే ఉండి ఉంటుంది.

ఇక మీవారి మాట. వెలుగు చాలడం లేదన్నది నూటికి నూరుపాళ్లు నిజం, కుండీ నడిమధ్య బోసిపోవడమే సాక్ష్యం. సీలింగు కొక్కేనికి వేలాడే కుండీ చాలా ఇళ్లలో కిటికీ పైఅంచు కంటే ఎత్తులో ఉంటుంది. కిందికి జారిన పాయలకి వెలుగు తగులుతుంది గానీ కుండీ పైభాగం, అంటే కాడలన్నీ మట్టిలోంచి లేచే చోటు, రోజంతా నీడలోనే. ఈ మొక్క స్వస్థలం దక్షిణాఫ్రికాలోని తూర్పు కేప్ ప్రాంతం. అక్కడ అది వేలాడదు, పొదల కిందా రాళ్ల పక్కనా నేల మీద పాకుతుంది. కణుపు నేలకి తగిలిన చోటల్లా వేరు దించుకుంటూ చాపలా పరుచుకుంటుంది. వెలుగు ఎప్పుడూ నెత్తి మీది నుంచే పడుతుంది. పూసని దగ్గరగా పట్టుకుని చూస్తే ఒక పక్కన కొంచెం పారదర్శకంగా ఉండే సన్నటి నిలువు గీత కనిపిస్తుంది. పూస గుండ్రంగా ఉండటం వల్ల నీళ్లు ఆవిరవడం తగ్గుతుంది, కానీ వెలుగు పట్టే వైశాల్యం కూడా తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికే ఆ గీత, దాని గుండా వెలుగు పూస లోపలికి దిగుతుంది. పైభాగం చీకట్లో పెడితే మొక్క అక్కడ కొత్త చిగుళ్లు వెయ్యడం మానేస్తుంది. పాయలు మాత్రం ఉన్న శక్తితో పొడవు సాగుతాయి, పూసకీ పూసకీ మధ్య ఎడం పెరుగుతుంది, పూసలు చిన్నవవుతాయి.

మరి బాల్కనీలో ఎందుకు మాడింది? నెలల తరబడి నీడలో ఉన్న మొక్కని ఒక్కసారిగా మధ్యాహ్నపు ఎండలో పెట్టడం వల్ల. వెలుగు కావాలన్నది సరైన ఆలోచనే, దాన్ని మెల్లగా పెంచాల్సింది. మాడిన మచ్చలు పోవు, అవి అంటేవి కూడా కావు. వాటి గురించి బెంగ అక్కర్లేదు.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఉన్న కుండీనే ఆరబెట్టి బతికించాలని చూడటం. నీళ్లు పూర్తిగా ఆపి, వెలుగులోకి మార్చి, ఎదురు చూడటం. చెయ్యడానికి సులువు. కానీ పాయలు మొదట్లో ఊడి వస్తున్నాయంటే కుళ్లు వేళ్లు దాటి కాడలోకి ఎక్కింది. ఎండేలోపే మిగతా పాయలకీ పాకొచ్చు. మీరు రాసిన స్థితిలో నాకు దీని మీద నమ్మకం తక్కువ.

రెండోది, మంచి పాయలు కోసి కొత్తగా నాటడం. నా మొగ్గు దీనికే. ఈ తీగ ప్రతి కణుపు దగ్గరా వేరు దించగలదు కాబట్టి పాయలో కొన వైపు సగం పచ్చగా ఉన్నా చాలు. కత్తెరని స్పిరిట్‌తో తుడిచి, కొన నుంచి 8 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలు కొయ్యండి. కోసిన చోట కాడ లోపల పచ్చగా గానీ తెల్లగా గానీ ఉండాలి. గోధుమరంగు చుక్క గానీ వలయం గానీ కనబడితే అది పోయేదాకా ఇంకా కొన వైపుకి జరిగి కొయ్యండి, ప్రతి కోతకీ మధ్య కత్తెర తుడవండి. రసం చేతికి అంటకుండా గ్లవ్స్ వేసుకోండి. ముక్క మొదట్లో రెండు మూడు పూసలు తీసేసి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి, కోసిన చోట పొర కట్టాలి. ఈ ఆరబెట్టే పని వదిలేస్తే మళ్లీ కుళ్లు మొదలయ్యేది అక్కడే. నాటడమంటే కాడని మట్టిలో గుచ్చడం కాదు. పాయని మట్టి మీద చుట్టలా పరిచి, పూసలు తీసేసిన కణుపులు మట్టికి తగిలేలా హెయిర్ పిన్నుతో గానీ యూ ఆకారంలో వంచిన తీగముక్కతో గానీ అక్కడక్కడా అదిమిపెట్టండి. పూసలు పైనే ఉండాలి, మట్టిలో కప్పెట్టకూడదు. వేళ్లు పడేదాకా మాత్రం మట్టి పైపొరని మూడు నాలుగు రోజులకోసారి స్ప్రేతో తడపండి, ఎందుకంటే వేరు లేని కణుపుకి ఆ కాస్త తడి కావాలి. స్ప్రే పనికొచ్చేది ఈ దశలో ఒక్కటే. వేళ్లు పట్టాక పూసల మీద రోజూ చిలకరించడం వల్ల లాభం లేదు. రెండు నుంచి నాలుగు వారాల్లో వేళ్లొస్తాయి. పాయని మెల్లగా లాగితే పట్టు తెలుస్తుంది, లేదా కొన దగ్గర గోధుమగింజంత లేత పూసలు కనిపిస్తాయి. అప్పటి నుంచి మామూలుగా నీళ్లు పొయ్యొచ్చు. రాలిన విడి పూసలు నాటడానికి పనికిరావు. పూసకి వేరు వచ్చినా, కాడ ముక్క లేకుండా అది తీగగా ఎదగడం అరుదు.

ఈ దారికి కాలం కావాలి. రెండు నెలల్లో మీకుండేది వేళ్లు పట్టి, పైభాగం కప్పుకుంటున్న చిన్న కుండీ. రెండడుగుల పాయలు మళ్లీ రావడానికి మంచి వెలుగులో కూడా ఏడాది పైన పట్టొచ్చు. ఒకే కుండీలో ఎనిమిది, పది ముక్కలు దగ్గర దగ్గరగా పరిస్తే త్వరగా నిండుగా కనిపిస్తుంది.

మూడో దారి, బాబు కొంచెం పెద్దయ్యేదాకా ఈ తీగనే ఇంట్లో ఉంచకపోవడం. దాని గురించి చివర్లో చెబుతాను.

మట్టి గురించి. మీ చెల్లెలు వాడినది నల్లటి మెత్తని మట్టి అన్నారు. ఆమె ఇంట్లో వెలుగు ఎక్కువుండి, పదిహేను రోజులకోసారి నీళ్లు పోసేవాళ్లయితే ఆ మట్టిలోనూ సాగిపోయి ఉంటుంది. మీ ఇంటికి అది సరిపోదు. రెండు వంతుల గరుకు పదార్థం, ఒక వంతు మామూలు పాటింగ్ మిక్స్ (కుండీల కోసం కలిపి అమ్మే మట్టి) కలపండి. గరుకు అంటే పెర్లైట్ (తెల్లటి తేలికపాటి గుళికలు), ప్యూమిస్ (సన్నటి రంధ్రాలున్న తేలిక రాయి), లేదా 2 నుంచి 5 మిల్లీమీటర్ల ముతక రాతిరవ్వ, బాగా కడిగింది. సన్న ఇసుక వద్దు. అది రేణువుల మధ్య సందుల్ని పూడ్చి మట్టిని ఇంకా బిగిస్తుంది. అలాగే కుండీ అడుగున గులకరాళ్ల పొర వేస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. మెత్తటి మట్టి నుంచి నీళ్లు రాళ్లలోకి దిగకుండా ఆ హద్దు పైనే ఆగిపోతాయి. దాంతో తడి పొర వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది. అడుగు నుంచి పైదాకా ఒకే మిశ్రమం ఉండటం మేలు.

కుండీ లోతు 7, 8 సెంటీమీటర్లు మించక్కర్లేదు. వెడల్పు మీ ముక్కలకి సరిపడా ఉంటే చాలు. పూత లేని మట్టి కుండీ అయితే పక్కల నుంచి కూడా ఆరుతుంది. అడుగున చిల్లు తప్పనిసరి. నింపేటప్పుడు మట్టి కుండీ అంచుకి ఒక సెంటీమీటరు కింద దాకా రావాలి. మట్టి లోపలికి దిగిపోయి ఉంటే కాడలు మొదలయ్యే చోటుకి వెలుగూ తగలదు, గాలీ ఆడదు. ఎప్పుడూ చెమ్మగా ఉండి మొదట కుళ్లేది అదే. చూడ్డానికి చిన్న విషయం గానీ ఈ తీగకి సంబంధించి దీన్ని మించిన చిట్కా లేదు.

చోటు: కిటికీకి అర మీటరు లోపు, కుండీ పైభాగం కిటికీ మధ్య ఎత్తుకి వచ్చేలా. వేలాడదీయాలంటే గొలుసు పొడవు పెంచండి, లేదా కొన్నాళ్లు కిటికీ గట్టు మీదే పెట్టండి. ఉదయం రెండు మూడు గంటల నీరెండ తగిలితే మంచిది. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే పలుచటి తెర వెయ్యండి. నీడ నుంచి వెలుగులోకి మార్చేటప్పుడు రోజుకి పావుగంట చొప్పున పెంచుతూ పది రోజులు తీసుకోండి. కొత్త ముక్కలకి వేళ్లు పడేదాకా నేరుగా ఎండ అక్కర్లేదు, ప్రకాశవంతమైన నీడ చాలు. కిటికీ కుదరకపోతే తెల్లటి ఎల్ఈడీ గ్రో లైటుని కుండీకి 20 నుంచి 30 సెంటీమీటర్ల పైన పెట్టి రోజుకి 12 గంటలు వెలిగించినా సరిపోతుంది.

నీళ్ల విషయంలో "ఎన్ని రోజులకోసారి" అని అడిగారు. రోజుల లెక్కతో నడిస్తే మళ్లీ ఇక్కడికే వస్తారు, ఎందుకంటే వెలుగు, వేడి, కుండీ సైజు మారితే ఆ లెక్క మారిపోతుంది. అంచనాగా చెప్పాలంటే పైన చెప్పిన మట్టిలో, మంచి వెలుగులో 10 నుంచి 14 రోజులు, చల్లటి కాలంలో మూడు నాలుగు వారాలు. కానీ పోసే ముందు తేల్చుకోవాల్సింది మట్టి ఆరిందా లేదా అన్నది. వెదురు పుల్లని మట్టిలోకి అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీస్తే తడి ఉందో లేదో తెలుస్తుంది. ఇంకా నమ్మకమైనది తూకం. కుండీని పూర్తిగా తడిపి, నీళ్లు కారడం ఆగాక వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. మట్టి అడుగుదాకా ఆరాక మళ్లీ తూచండి. ఆ రెండు అంకెలు తెలిస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు. కుండీ తడి బరువు 600 గ్రాములు, ఆరిన బరువు 420 అనుకుంటే, 430కి దగ్గరయ్యేదాకా నీళ్లు వద్దు. మట్టిలో గుచ్చే తేమ మీటర్లని గరుకు మట్టిలో నమ్మకండి, రేణువుల మధ్య ఖాళీ వల్ల తప్పు చూపిస్తాయి.

పోసేటప్పుడు మాత్రం కొసరు కొసరుగా పొయ్యకండి. అడుగు చిల్లులోంచి కారేదాకా మట్టంతా తడవాలి. పావుగంట తర్వాత కింది పళ్లెంలో నీళ్లు పారబొయ్యండి. బాగా ఎండిపోయిన కొబ్బరిపొట్టు కలిసిన మట్టి ఒక్కోసారి నీళ్లని పీల్చదు, పక్కల నుంచి జారి కిందికి పోతాయి. అప్పుడు కుండీని నీళ్ల గిన్నెలో ఇరవై నిమిషాలు ఉంచితే కింది నుంచి పీల్చుకుంటుంది. పూసలు చీలితే కంగారు పడకండి, చాలాకాలం ఎండాక ఒక్కసారిగా నీళ్లు దొరికితే అలా జరుగుతుంది. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటే రోజుల్లో ఈ తీగ ఎదుగుదల ఆపేస్తుంది, తాగేదీ తగ్గుతుంది. ఎండలు ముదిరాయని నీళ్లు పెంచితే అప్పుడు కూడా కుళ్లే. ఎరువు కొత్త చిగుళ్లు వచ్చేదాకా వద్దు. తర్వాత నెలకోసారి, డబ్బా మీద చెప్పిన దాంట్లో సగం చాలు.

కోసేటప్పుడే పూసల మధ్య దూదిలా తెల్లటి పిండినల్లి ఉందేమో కూడా చూడండి. ఉంటే దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడిచి, వారానికోసారి చొప్పున నాలుగు వారాలు మళ్లీ మళ్లీ చూడాలి. గుడ్లు ఒక్క తుడుపుకి పోవు.

ఇక మావయ్యగారు. మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువుగా ఉన్నది ఈ భాగం. ఆయన పొద్దున్నే లేచి చేసే మొదటి పని అది, దాన్ని ఆపమంటే నొచ్చుకుంటారని మీ భయం. కుండీ మీద "నీళ్లు పొయ్యొద్దు" అని కాగితం అతికిస్తే పని జరుగుతుంది గానీ, తన వల్లే చచ్చిపోయిందన్న మాట ఆయనకి ఇంట్లో అందరి ముందూ చెప్పినట్టవుతుంది. ఆయనకి తెలియకుండా కుండీని మీ గదిలో దాచుకోవచ్చు. గొడవ ఉండదు, కానీ తలుపు తీసి ఉన్న రోజు మళ్లీ గ్లాసు నీళ్లు పడతాయి, ఎందుకు దాచారో ఆయనకి తెలిసిన రోజు ఇంకా బాధ. మూడోది కొంచెం ఓపిక కావాల్సిన పని: ఈ కుండీ బాధ్యత పూర్తిగా ఆయనకే అప్పగించడం. "మావయ్యగారూ, కుండీ అడుగున నీళ్లు నిలిచిపోయాయి, వేళ్లు కుళ్లాయి. కొత్తగా నాటుదాం, రోజూ తూచి బరువు రాస్తారా? ఈ అంకెకి దిగిన రోజున మీరే నీళ్లు పొయ్యండి" అని అడగండి. నీళ్లు నిలిచింది కుండీ లోపం వల్ల కూడా కాబట్టి ఇందులో అబద్ధమేమీ లేదు. మీరు సాయంత్రాలు పోసిన సంగతి కూడా చెప్పండి, అప్పుడు తప్పు ఎవరో ఒక్కరి మీద పడదు. రోజూ మొక్క దగ్గరికి వెళ్లే అలవాటు అలాగే ఉంటుంది, చేతిలో గ్లాసు బదులు త్రాసు ఉంటుంది. ఇందులో ఉన్న చిక్కు, ఆయనకి ఆసక్తి లేకపోతే వారంలో మానేస్తారు. అది మీరే అంచనా వెయ్యగలరు. మిగతా కుండీలకి రోజూ నీళ్లు ఆయన పోస్తూనే ఉంటారు కాబట్టి, ఈ కుండీని వాటి వరసలోంచి తీసి వేరే కిటికీ దగ్గర పెట్టడం మాత్రం ఎలాగైనా మంచిది. వరసలో ఉంటే ఎవరి చెయ్యైనా అలవాటుగా పోసేస్తుంది.

బాబు మాటకొస్తే, మూడో దారి ఎంచుకున్నా మీ చెల్లెలి మొక్కని వదిలేసినట్టు కాదు. వేళ్లు పట్టిన కుండీని చిన్నపిల్లలు లేని తెలిసినవాళ్ల ఇంట్లో ఒకటి రెండేళ్లు ఉంచొచ్చు. ఇంట్లోనే ఉంచుకుంటే ఆరోగ్యంగా ఉన్న తీగ పూసలు అంతగా రాల్చదు, పాయలు బాబుకి అందని ఎత్తులో కత్తిరిస్తూ ఉండొచ్చు. అయినా రోజూ కింద ఒకసారి చూసుకోవాల్సిందే, ఆ పని తప్పదు. ఆ బెంగ వద్దనుకుంటే దాని స్థానంలో స్ట్రింగ్ ఆఫ్ హార్ట్స్ పెట్టుకోండి. హృదయం ఆకారంలో మచ్చల ఆకులు, మట్టిలోనూ కాడల మీదా నీళ్లు దాచుకునే చిన్న దుంపలు. అందువల్ల రెండు మూడు వారాలు మరిచిపోయినా ఓర్చుకుంటుంది, పిల్లలకీ పెంపుడు జంతువులకీ విషం కాదు. అయితే దీనికి కూడా రోజూ నీళ్లు పడవు, దుంపలు కుళ్లుతాయి. రోజూ నీళ్లు పోసే చేతికి తగిన వేలాడే మొక్క కావాలంటే స్పైడర్ ప్లాంట్ మేలు. అది ఆకుల్లో నీళ్లు దాచుకునే రకం (సక్యులెంట్) కాదు గానీ తడిని ఓర్చుకుంటుంది, అదీ విషం లేనిదే. నీళ్లు దిగిపోయే కుండీలో ఉంటే మావయ్యగారి గ్లాసుకి కొంతవరకు తట్టుకుంటుంది.

"దీనికేం చెయ్యక్కర్లేదు" అని మీ చెల్లెలు అన్నది, సరైన చోట కుదురుకున్న మొక్క గురించి. ఆమె ఇంట్లో దాని వెలుగు, మట్టి, నీళ్లు ఒకదానికొకటి సరిపడి ఉన్నాయి. ఇల్లు మారినప్పుడు ఆ మూడూ మారాయి, నీళ్లు మాత్రం మిగతా మొక్కల లెక్కలో పడ్డాయి. మీకు చేతకాక పోయిన మొక్క కాదిది. ఆమెకి ఇప్పుడే ఫోన్ చేసి జరిగింది చెప్పమని నా సలహా, ఒక కారణం ఉంది. వెళ్లేటప్పుడు ఆమె ఒకటి రెండు పాయలు తనతో తీసుకెళ్లి ఉండొచ్చు. ఉంటే వచ్చేటప్పుడు నాలుగైదు ముక్కలు తెమ్మనండి. బయల్దేరే ముందు రోజు కోసి, తడి తగలకుండా పొడి కాగితంలో వదులుగా చుట్టి అట్టపెట్టెలో పెట్టుకుంటే చాలు, ప్లాస్టిక్ సంచిలో మాత్రం వద్దు. అలా మూడు నాలుగు రోజులున్నా ఫర్వాలేదు, కోసిన చోట పొర కూడా ఆలోపే కడుతుంది. మీరు నాటిన వాటి మధ్య ఖాళీల్లో వాటిని పరిచెయ్యొచ్చు.